చర్చ: వాణిజ్య రాయితీ ఏ దేశానికివ్వాలో ఎవర్ని పడితే వాళ్లని అడగడం న్యాయమేనా?

బెజవాడ_బాబాయ్:
వర్ధమాన దేశాల సరుకుకు అమెరికా సుంకం మాఫీ చేసిన పథకం జీఎస్‌పీ. ఫలానా దేశానికి అర్హత ఉందా లేదా అని తేల్చేముందు అక్కడి వాణిజ్య ప్రతినిధి కార్యాలయం అందరి దగ్గరా అభిప్రాయాలు తీసుకునేది. 2019 జూన్ 5న ఇండియాను తీసేశారు. ఆ సమీక్షకు మూలం రెండు అర్జీలు. ఒకటి అమెరికా పాడి పరిశ్రమది, రెండోది అక్కడి వైద్య పరికరాల కంపెనీలది. మనం 2017లో గుండె రక్తనాళంలో వేసే మందు పూసిన స్టెంటు ధర 29,600 రూపాయలు దాటకూడదన్నాం. మాంసం కలిసిన మేత తిన్న ఆవుల పాలు వద్దన్నాం. వాళ్లకు అదే మంట. గుండె రోగికి ధర తగ్గించినందుకు ఎగుమతిదారుడికి శిక్షా? దీన్ని ప్రజాభిప్రాయం అనాలా?

లెక్కల_మాస్టారు:
బాబాయ్ గారూ, అభిప్రాయాలు చెప్పమన్న ఆ పిలుపుకు రాసింది ఆ రెండు వర్గాలే కాదు. ఇండియాను తీయొద్దని అమెరికా దిగుమతిదారులే గట్టిగా వాదించారు. ఎందుకంటే రేవులో సుంకం కట్టేది వాళ్లే. మన ప్రభుత్వ లెక్క ప్రకారం ఆ రాయితీ వల్ల సుంకంలో మిగిలేది ఏటా 19 కోట్ల డాలర్లు, మన మొత్తం ఎగుమతుల ముందు అది ఎంతని! తలుపులు మూసుకుని తేల్చేస్తే ఎవరు ఏం అడిగారో మనకు తెలిసేదే కాదు.

ఎర్రజెండా_ఎల్లయ్య:
మాస్టారు చెప్పింది నిజం. బంగ్లాదేశ్ సంగతి చూడండి. అక్కడి కార్మికుల హక్కుల మీద అమెరికా కార్మిక సమాఖ్య ఏఎఫ్‌ఎల్-సీఐఓ 2007లోనే అర్జీ పెట్టింది. ఆరేళ్లు నలిగింది. 2013 ఏప్రిల్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా పోయాక, జూన్‌లో రాయితీ ఆపారు. అభిప్రాయం చెప్పే దారే లేకపోతే ఆ కుట్టుపనివాళ్ల మాట వాషింగ్టన్ దాకా వెళ్లేదా?

బెజవాడ_బాబాయ్:
ఎల్లయ్యా, అసలు తమాషా చెప్పలేదు నువ్వు. ఆ పథకంలో రెడీమేడ్ బట్టలే లేవు! దెబ్బ తగిలింది పింగాణీ, ప్లాస్టిక్ లాంటి సరుకుకు. ఫ్యాక్టరీ కూలింది ఒకడిది, రాయితీ పోయింది ఇంకొకడిది.

పాతబట్టల_పుల్లారావు:
రువాండా గురించి ఎవరూ ఎత్తరేం? సొంత బట్టల పరిశ్రమ నిలబెట్టుకుందామని 2016లో పాత బట్టల మీద సుంకాన్ని కిలోకు 20 సెంట్ల నుంచి రెండున్నర డాలర్లకు పెంచింది. అమెరికాలో పాత బట్టల వ్యాపారుల సంఘం అర్జీ పెట్టింది. 2018లో ఆఫ్రికా దేశాల సరుకుకు అమెరికా సుంకం మాఫీ చేసిన అగోవా పథకం కింద రువాండా బట్టలకున్న రాయితీ ఆగిపోయింది. కెన్యా ముందే వెనక్కి తగ్గి బయటపడింది. అడగడంలో తప్పులేదు. కానీ రువాండా రాజధాని కిగాలీలో మిషను కుట్టేవాడికి లాయరు ఉంటాడా? బలమున్న సంఘం అర్జీ ముందు అతని మాట ఎంత?

లెక్కల_మాస్టారు:
సరే, ఇప్పుడు మన ఇంట్లోకి చూద్దాం. అత్యంత వెనకబడిన దేశాలకు మనమూ 2008 నుంచి సుంకం రాయితీ ఇస్తున్నాం. టాంజానియా, మొజాంబిక్ నుంచి కందులు మనకే వస్తాయి. తాండూరు కంది రైతును పిలిచి అడిగితే ఏమంటాడు? ‘రానివ్వొద్దు’ అనే అంటాడు. అతని మాట వినాలా, వద్దా?

ఎర్రజెండా_ఎల్లయ్య:
వినాలి మాస్టారూ. మొజాంబిక్ రైతు మాటా అదే రోజు, అదే బల్ల దగ్గర వినాలి. అతని దారి ఖర్చు రాయితీ ఇచ్చే దేశమే పెట్టుకోవాలి.

బెజవాడ_బాబాయ్:
అలాగైతే నాకు సమ్మతమే. కానీ ఏ ప్రభుత్వం పెడుతుందయ్యా ఆ ఖర్చు?