గట్లు పోసినంక మన్ను ఆగింది, కానీ చల్క అట్ట కట్టుడు ఆగుతలేదు, ఏం చెయ్యాలె?

చల్క రైతు:
అన్నలందరికి నమస్తే. మాది నర్సంపేట దిక్కు ఎర్ర చల్క, అంటే ఇసుక కలిసిన ఎర్ర నేల, జర వాలు ఉంటది. వాలుకు అడ్డంగ గట్లు పోపిచ్చినం, కింది మూలకు కందకం తవ్వినం, మన్ను కొట్టుకపోవుడు మస్తు తగ్గింది, బాయిల నీళ్లు గూడ మునుపటికంటె ఎక్కువ రోజులు ఉంటున్నయ్. కానీ మక్క ఏసినంక ఒక్క గట్టి వాన పడి ఎండ గొట్టిందంటే చాలు పైన అట్ట కడుతది, మొలక పైకి రాలేక లోపల్నే వంకర తిరుగుతది. గట్టు పక్క సాళ్లల్లనైతే ఇంకా ఘోరం. నీళ్లు ఆపితే నేల గుల్లగైతది అని అంటరు కదా, మరెందుకు అయితలేదు?

ఓరుగల్లు అగ్రి:
తమ్మీ, గట్టు నీళ్ల ఉరుకుడు ఆపుతది, చినుకు దెబ్బను ఆపలేదు. బోడి నేల మీద చినుకు పడ్డప్పుడు మట్టి పలుకులు పగిలి సన్న మట్టి సందులల్ల ఇరుకుతది, అదే ఎండి అట్ట అయితది. పలుకులను పట్టి ఉంచే జిగురు వేర్ల నుంచి, కుళ్లిన ఆకు నుంచి, బూజు దారాల నుంచి, ఎర్రల (వానపాముల) నుంచి రావాలె, మన చల్కలల్ల సేంద్రియ పదార్థమే తక్కువ. గట్టు పక్కన నీళ్లు నిలుస్తయి కాబట్టి పైనుంచొచ్చిన సన్న ఒండ్రు అక్కడ్నే పొరలెక్క పేరుకుంటది, అందుకే ఆడ ఎక్కువ గట్టిపడ్డది.

ఒకటి చేసి చూడు. చేన్ల నుంచి బాగ ఎండిన చిన్న పెడ్డ ఒకటి, ఎన్నడు దున్నని గట్టు మీద గడ్డి కింది పెడ్డ ఒకటి తెచ్చి రెండు గ్లాసుల నీళ్లల్ల మెల్లగ ఇడువు. చేను పెడ్డ చూస్తుండంగనే బుడగలొచ్చి కూలిపోతది, గడ్డి కిందిది చాలాసేపు అట్లనే నిలుస్తది. భూమి ఒక్కటే, తేడా అంతా వేర్లది.

పరకాల పత్తి:
మేం 2015ల చెరువుల పూడిక తీసే సర్కారు పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువు పూడిక మట్టి తోలుకున్నం, మాది దుబ్బ (ఇసుక) నేల, అప్పటిసంది తేమ ఎక్కువ రోజులు ఆగుతది. నీ చల్కకు గూడ పనికొస్తది గని ఎండకాలంల పలుచగ పరిచి దున్ని కలపాలె, కుప్పలు కుప్పలు ఇడిస్తే మొదటి వానకే కొట్టుకపోతది. అది ఒక్కటే సాలదు, పశువుల ఎరువు తోడు ఉండాలె. రేగడోళ్లు మాత్రం తోలుకోవద్దు, ఉన్న బంకకే నీళ్లు ఇంకవు, ఇంకింత బంక ఎందుకు?

మొగుళ్ళపల్లి యాసంగి:
అవునన్నా, మాది రేగడే. మాకు అడ్డం గట్లు పోస్తే నీళ్లు నిలిచి పత్తి ఎర్రబడ్డది. పటాన్‌చెరుల ఉన్న మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు నల్లరేగడికి చెప్పే ఎత్తు మడులు, మధ్యల కాలువల పద్ధతి పెట్టుకున్నం, ఎక్కువ నీళ్లు మెల్లగ పోతయి, మడి మీద ఎవలు తొక్కరు కాబట్టి మట్టి గుల్లగుంటది.

చల్క రైతు:
పెడ్డలు ఏసి చూసిన, అచ్చం అట్లనే అయింది. మేం ప్రతిసారి రోటవేటర్ కొట్టిస్తం, దానివల్ల గూడ ఐతదా?

ఓరుగల్లు అగ్రి:
ఐతది తమ్మీ. పైన పిండి చేస్తది, ఒక్క లోతులనే కొట్టుకుంట పోతే కింద గట్టి పొర పడుతది, ఆ పొర మీద నీళ్లు ఇంకకుంట నిలుస్తయి. రోటవేటర్ తగ్గిచ్చుర్రి. మక్క కట్టె కాలపెట్టకుంట సాళ్ల మధ్య పరుచుర్రి, చినుకు ముందు దాని మీద పడుతది. వానకాలం మొదట్ల జనుము చల్లి పూతకు రాంగనే కలియదున్నుర్రి. గట్టు పక్కనున్న ఆ పేరుకున్న ఒండ్రు ఎండకాలంల తీసి వాలుకు పై దిక్కు చల్లితే అదే నీకు ఉత్త పుణ్యానికి దొరికిన పూడిక మట్టి. ఒక్క ఏడాదికే మారదు, ఏటా అదే గ్లాసు పరీక్ష చేసుకుంట పో.