ట్రైకో కార్డులు కడితే ఆ కందిరీగలు తర్వాత పంట మీద పడవా?

కొత్తచాలు:
టమాటా వేశాను, పూత మొదలైంది. పోయిన పంటలో కాయతొలుచు పురుగుకి మందు మీద మందు కొట్టాల్సి వచ్చింది, ఆఖరికి ఏం కొట్టినా పురుగు చావలేదు. అందుకే ఈసారి ట్రైకోగ్రామా కార్డులు, అంటే ఆ పేరున్న బుల్లి కందిరీగలు లోపల పెరుగుతున్న గుడ్లు అతికించిన అట్టలు, కడదామని ఉంది. కానీ ఆస్ట్రేలియాలో చెరకు పురుగుల కోసం కప్పలు తెచ్చి వదిలితే అవే పెద్ద బెడదై కూర్చున్నాయని ఎక్కడో చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. పురుగు అయిపోయాక ఈ కందిరీగలు దేని మీద పడతాయి? ఇంకోటి, చిగుళ్ళలో ఇప్పటికే పేనుబంక కనబడుతోంది, దానికి మందు కొడితే కార్డులు దండగేనా?

గట్టుమీద:
పంట మీద పడవండి, పడటానికి వాటికి ఆ నోరే లేదు. ట్రైకోగ్రామా మీరనుకునే కుట్టే కందిరీగ కాదు, అర మిల్లీమీటరు ఉంటుందేమో అంతే, అరచేతిలో పెట్టుకున్నా వెతుక్కోవాలి. ఆడ కందిరీగ, రెక్కల పురుగు పెట్టిన గుడ్డుని వెతికి పట్టుకుని అందులో తన గుడ్డు పెడుతుంది, దాని పిల్ల లోపలున్నదంతా తినేసి పెరుగుతుంది, పురుగు గుడ్డులోంచి పురుగు బదులు కందిరీగ బయటికొస్తుంది. గుడ్లు దొరకకపోతే కొద్ది రోజుల్లో చచ్చిపోతాయి, వేరే దారి లేదు వాటికి.

అందరూ దెబ్బతినేది టైమింగ్ దగ్గర. ఇది గుడ్డుని మాత్రమే చంపుతుంది. కాయలోకి దూరిన పురుగుని ఏమీ చెయ్యలేదు, దాన్ని చూశాక కార్డు కట్టి లాభం లేదు. లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగుల్ని లాగేవి) ముందే పెట్టుకోండి, రెక్కల పురుగులు పడటం మొదలవగానే కట్టండి, గుడ్లు పెట్టడం ఒక్కరోజుతో అయ్యేది కాదు కాబట్టి వారం వారం మళ్ళీ కట్టాలి. కార్డుని ముక్కలు చేసి సాయంత్రం పూట ఆకు అడుగున పిన్ను కొట్టండి, ఎండ తగలకూడదు. చీమలు చేరితే కార్డు మీది గుడ్లు ఎత్తుకుపోతాయి, అది కూడా చూసుకోవాలి. పనిచేస్తోందా లేదా తెలియాలంటే పూత దగ్గరి లేత ఆకులు భూతద్దంతో చూడండి. పురుగు పెట్టిన గుడ్డు పాలిపోయిన పసుపు రంగులో ఉంటుంది, కందిరీగ పడ్డ గుడ్డు మూడు నాలుగు రోజుల్లో నల్లబడిపోతుంది. నల్ల గుడ్లు కనబడ్డాయంటే మీ కార్డు పని మొదలుపెట్టినట్టే.

పాతపంట:
ఆ కప్పల సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఈ పద్ధతి మీద జనానికున్న భయమంతా అక్కడి నుంచే వచ్చింది. 1935లో క్వీన్స్‌లాండ్‌లో వదిలారు వాటిని. చెరకు వేర్లు తినే పురుగు ఉండేది భూమిలో, దాని పెంకు పురుగు తిరిగేది గడ పైన, కప్ప తిరిగేది నేల మీద. అసలు పురుగు దొరకలేదు గానీ నోటికందిన ప్రతిదాన్నీ తింది, పైగా ఒళ్ళంతా విషం, దాన్ని తిన్న అక్కడి ఉడుములు చచ్చాయి. ఏది పడితే అది తినే జంతువుని తెచ్చి వదలడం అప్పటికీ తప్పే, ఇప్పటికీ తప్పే.

అదే ఆస్ట్రేలియాలో నాగజెముడు కోట్ల ఎకరాలు ఆక్రమించేస్తే అర్జెంటీనా నుంచి కాక్టోబ్లాస్టిస్ అనే రెక్కల పురుగుని తెచ్చి 1926 నుంచి వదిలారు. దాని పురుగులు జెముడు తప్ప ఇంకోటి ముట్టవు, పదేళ్ళలోపే ఆ జెముడు చాలావరకు కుళ్ళి నేలకూలింది. అయితే అదే పురుగు 1989లో ఫ్లోరిడాలో కనబడేసరికి అక్కడ ఆందోళన మొదలైంది, ఎందుకంటే అక్కడ జెముడు కలుపు కాదు, సొంత మొక్క. కాబట్టి ఇది ఏం తింటుంది, ఏం తినదు, ఇక్కడ దానికి ఇంకేం దొరుకుతుంది, ఈ మూడూ అడగకుండా ఏ జీవినీ వదలకూడదు. ట్రైకోగ్రామాకి కూడా వేరే రెక్కల పురుగుల గుడ్లు పనికొస్తాయి, ఆ మాట దాచక్కర్లేదు, కానీ కప్పతో పోల్చడం అన్యాయం.

మందు గురించి అడిగారు కదా, కాలిఫోర్నియా నిమ్మజాతి తోటలు చూడండి. 1888లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన ఒక అక్షింతల పురుగు అక్కడి పిండినల్లి లాంటి పొలుసు పురుగుని రెండేళ్ళలో అణిచేసింది. 1940లలో తోటల్లో డీడీటీ కొట్టగానే అక్షింతల పురుగులు చచ్చాయి, పొలుసు పురుగు మళ్ళీ విరుచుకుపడింది.

చిగురాకు:
పేనుబంకకి తొందరపడి మందు కొట్టకండి అక్కా/అన్నా, ముందు ఆ చిగురు తిప్పి చూడండి. పేనుల్లో కొన్ని ఉబ్బిపోయి, గోధుమరంగులో, కాగితంలా ఎండి, వీపు మీద గుండ్రటి కన్నంతో కనబడితే వాటిని ఇంకో రకం కందిరీగ ఇప్పటికే తినేసినట్టు. అక్కడే నల్లగా, నారింజ మచ్చలతో, ముళ్ళు ముళ్ళుగా పాకేది ఉంటే అది అక్షింతల పురుగు పిల్ల. చాలామంది దాన్నే చీడ అనుకుని నలిపేస్తారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మరీ ఎక్కువుంటే ఆ చిగుళ్ళు తుంచెయ్యండి, లేదా నీళ్ళు గట్టిగా కొట్టి రాల్చండి. చీమల బాట కనబడితే ముందు దాన్ని ఆపండి, పేనుల తీపి రసం కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, మిత్ర పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందు మాత్రం వద్దు, ఆకు మీద రోజుల తరబడి ఉండి కార్డులోంచి వచ్చినవాటిని వచ్చినట్టే చంపుతుంది.

కొత్తచాలు:
చాలా థాంక్స్ అందరికీ. కార్డు కందిరీగల్ని తప్పించుకుని కొన్ని గుడ్లు పొదిగి పురుగులొస్తే అప్పుడేం చెయ్యాలి?

గట్టుమీద:
చిన్న పురుగులప్పుడే బీటీ (పురుగుని చంపే బ్యాక్టీరియా మందు) గానీ ఎన్‌పీవీ (పురుగుకి రోగం తెచ్చే వైరస్ మందు) గానీ కొట్టండి. రెండూ కడుపులోకి పోతేనే పనిచేస్తాయి, ఎండకి పాడవుతాయి, అందుకని సాయంత్రమే, ఆకు రెండు వైపులా తడిసేలా. బీటీ తిన్న పురుగు కొన్ని గంటల్లో మేత ఆపేస్తుంది, చావడానికి మాత్రం రెండు మూడు రోజులు పడుతుంది, మర్నాడు బతికే ఉందని వేరే మందుకి పరిగెత్తకండి. ఎన్‌పీవీ పట్టినవి ఇంకా ఆలస్యంగా చస్తాయి, మొక్క కొసకెక్కి తలకిందులుగా వేలాడతాయి, అవి చిట్లితే ఆ వైరస్ మిగతావాటికీ అంటుతుంది, కాబట్టి వాటిని ఏరి పారెయ్యకండి. కార్డు కొనేటప్పుడు మీద తేదీ చూసుకోండి, కందిరీగలు అప్పటికే వచ్చేసిన కార్డులో ఖాళీ పెంకులే ఉంటాయి.