పద్నాలుగున్నర వేల స్వెట్టర్ మూడు వారాలకే ఉండలు కట్టింది, మీకూ ఇలా అయ్యిందా?

పానగల్లు టీచర్ (నల్లగొండ)

అందరికీ నమస్తే. మా బాబు పోయిన ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి చికాగో వెళ్లాడు. అక్కడి చలి గురించి వినీ వినీ నాకు టెన్షన్ పట్టుకుంది. చిట్టీ ఎత్తిన డబ్బుల్లోంచి తీసి, హైదరాబాద్‌లో ఒక మాల్‌లోని డిజైనర్ షాపులో వాడికో స్వెట్టర్ కొన్నాను. 14,500 రూపాయలు. నా పెళ్లి తర్వాత ఏ పట్టుచీరకూ నేను అంత పెట్టలేదు. చేత్తో పట్టుకుంటే అప్పుడే పుట్టిన కుందేలు పిల్లను పట్టుకున్నట్టు ఉంది. "కాష్మీర్ మేడం, పదేళ్లు చూడక్కర్లేదు" అన్నాడు అమ్మిన అబ్బాయి. కాష్మీర్ అంటే మేక మెత్తటి బొచ్చుతో తీసే ఖరీదైన ఊలు.

డిసెంబర్ సెలవులకు బాబు ఇంటికి వచ్చాడు. బట్టలు ఉతకడానికి తీస్తుంటే స్వెట్టర్ సూట్‌కేస్ అడుగున ముడుచుకుని ఉంది. మంచం మీద పరిచి చూశాను. బ్యాగు పట్టీ ఆనే భుజం దగ్గర ఆవగింజలంత ఉండలు, చంకల కింద శనగగింజంతవి. మోచేతి దగ్గర ట్యూబ్‌లైట్‌కు పెట్టి చూస్తే వెలుతురు కనిపిస్తోంది. పక్క కుట్టు రెండంగుళాలు విడిపోయింది. ఇరవై సార్లు కూడా వేసుకోలేదట, మూడో వారం నుంచే ఇలా మొదలైందట.

నాకు బాధ కలిగించింది ఇంకోటి ఉంది. అమ్మ బాధపడుతుందని వాడు నాకు చెప్పలేదు. వీడియో కాల్‌లో కనిపించకుండా పైన జాకెట్ వేసుకుని కూర్చునేవాడు.

షాపుకు ఫోన్ చేస్తే "నేచురల్ ఫైబర్ ఇలాగే ఉంటుంది మేడం" అన్నారు. నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు ఆడబిడ్డ

అక్కా, నాదీ ఇదే కథ. 9,000 పెట్టి కొన్న కార్డిగన్ ఒక్క ఉతుకుకే మా ఆరేళ్ల పాపకు సరిపోయేంత అయ్యింది. మెషీన్‌లో గోరువెచ్చని నీళ్లే పెట్టాను. బట్ట అట్టలాగా బిగుసుకుపోయింది. ఎంత సాగదీసినా రాలేదు.

కల్వకుర్తి హోజరీ

నేను లూధియానాలో హోజరీ యూనిట్లలో 11 ఏళ్లు క్వాలిటీ చెకింగ్ చేశాను. ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు పాలమూరు చెల్లెలికి. నీది ఉండలు కట్టడం కాదమ్మా, బట్ట బిగుసుకోవడం. ఊలు వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే అవి ఒకదానికొకటి చిక్కుకుంటాయి, మళ్లీ విడిపోవు. మెషీన్‌లో ఉతకొచ్చని లేబుల్ మీద లేకపోతే చల్లని నీళ్లలో చేత్తోనే ఉతకాలి. పిండకుండా టవల్‌లో చుట్టి నొక్కి, నేల మీద పరిచి ఆరబెట్టాలి. మరక వదిలించే ఎంజైమ్ ఉన్న పౌడర్లు అసలు వద్దు. ఊలు కూడా మన జుట్టులాగే ప్రొటీన్, ప్రొటీన్ మరకను తినే ఎంజైమ్ దాన్నీ వదలదు.

ఇక టీచర్ మేడం గారిది. పొట్టి పోగులు దారంలోంచి బయటికి జారి, రాపిడికి చుట్టుకుంటే ఉండ అవుతుంది. మంచి మెరినో ఊలు పోగు ఆరు నుంచి తొమ్మిది సెంటీమీటర్లు ఉంటే, కాష్మీర్ మూడు, నాలుగు సెంటీమీటర్లే. కాబట్టి కాష్మీర్ కొంత ఉండ కట్టడం సహజమే, షాపువాళ్లు చెప్పింది ఆ మేరకు నిజం. కానీ మూడు వారాలకే మోచేతిలోంచి వెలుతురు కనిపించడం సహజం కాదు. అది దారం తప్పు.

దారానికి పురి ఎంత ఎక్కిస్తే అంత గట్టిగా ఉంటుంది, అంత గరుకుగానూ ఉంటుంది. షాపులో చెయ్యి పెట్టగానే మెత్తగా తగలాలని పురి తగ్గిస్తారు, పైగా మెత్తదనానికి కెమికల్ ఫినిషింగ్ ఇస్తారు. రెండు ఉతుకులకు అది పోతుంది. మీరు డబ్బు పెట్టింది ఆ మొదటి స్పర్శకు మేడం.

ఫ్యాక్టరీలో దీనికి టెస్టు ఉంటుంది. మార్టిన్‌డేల్ అనే మెషీన్‌లో బట్టను వేల సార్లు రుద్ది 1 నుంచి 5 వరకు గ్రేడ్ ఇస్తారు. 5 అంటే ఏమీ కాలేదని, 1 అంటే ఒళ్లంతా ఉండలని. ఆ గ్రేడ్ ఏ ప్రైస్ ట్యాగ్ మీదా ఉండదు. నా చేతుల మీదుగా 2, 3 మధ్య వచ్చిన సరుకు కూడా పాస్ అయి వెళ్లింది. సీజన్ మొదలైందంటే పైవాళ్లకు ఆగే ఓపిక ఉండదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

లోపలి లేబుల్‌లో ఏం రాసుందో ఒకసారి ఇక్కడ పెట్టండి.

పానగల్లు టీచర్

కళ్లద్దాలు పెట్టుకుని చదివాను అన్నా. ఊలు 35, విస్కోస్ 30, నైలాన్ 28, కాష్మీర్ 7 శాతం.

ఏడు శాతమా? ఆ అబ్బాయి అదొక్క పేరే చెప్పాడు.

కల్వకుర్తి హోజరీ

అనుకున్నదే. అసలు కాష్మీర్ ఎందుకంత ఖరీదంటే, ఒక్కో మేక నుంచి ఏడాదికి దువ్వి తీసేది 150, 200 గ్రాములే, శుభ్రం చేశాక ఇంకా తగ్గుతుంది. ఒక స్వెట్టర్‌కు మూడు నాలుగు మేకల బొచ్చు కావాలి. ఏడు శాతం అంటే మీ స్వెట్టర్‌లో ఉన్నది గుప్పెడు కూడా కాదు.

నైలాన్ దారానికి బలం ఇస్తుంది, నిజమే. కానీ ఉండలు కట్టాక అదే శత్రువు. వట్టి ఊలైతే ఉండ కొన్నాళ్లకు దానంతట అదే తెగి రాలిపోతుంది. నైలాన్ పోగు తెగదు, ఉండను పట్టుకుని వేలాడుతుంది.

ఇంకో పని చెయ్యండి. ఖరీదైన స్వెట్టర్లకు ట్యాగ్‌తో పాటు చిన్న కవర్లో గుండీ, మూరెడు దారం ఇస్తారు. ఉందా? ఉంటే దాన్ని పురికి ఎదురు తిప్పి ఎన్ని పేటలో, అంటే ఎన్ని దారాలు కలిపి పేనారో చూడండి.

నకిరేకల్ తమ్ముడు

మేడం, కోపం తెచ్చుకోకండి. పేరుకే 14 వేలు. చలికాలంలో రోడ్డు పక్కన నేపాలీవాళ్లు అమ్మే స్వెట్టర్ 700కు తీసుకుని నాలుగేళ్లుగా తెల్లవారుజామున పాలబండి మీద తిరుగుతున్నా. ఏం కాలేదు.

పానగల్లు టీచర్

కోపం ఎందుకు తమ్మీ. కానీ మైనస్ పదిలో బిడ్డ బస్సు కోసం నిలబడతాడంటే ఏ తల్లైనా అక్కడున్న వాటిల్లో మంచిదే తీస్తుంది. ధర ఎక్కువుంటే నాణ్యత ఉంటుందని నమ్మాను. నమ్మడం తప్పంటే ఒప్పుకోలేను.

దేవరకొండ గొంగడి

మాది కురుమ ఇల్లు. మా తాత గొంగడి ముప్పై ఏళ్లు వానకు తడిసింది, ఎండకు ఎండింది, ముళ్లకంపల్లో పడింది. ఒక్క ఉండ కట్టలేదు. నల్ల దక్కనీ గొర్రె బొచ్చు కత్తిరించి, ఏకి, మా నాయనమ్మ కదురు మీద వడికేది. మగ్గం మీద నేసి చింతగింజల గంజి పట్టించేవాళ్లు. ఆ గంజి వాసన నాకు ఇప్పటికీ గుర్తే. ఇప్పుడు మా దగ్గర మాంసం కోసం బొచ్చులేని గొర్రెలే ఎక్కువయ్యాయి. మిగిలిన కొద్ది దక్కనీ గొర్ల ఉన్నిని కత్తిరించి పారేసేవాళ్లూ ఉన్నారు. వేలకు వేలు పెట్టి కొన్నది మూడు వారాలు ఆగలేదని చదువుతుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

కల్వకుర్తి హోజరీ

అన్నా, మీ మాట మనసుకు తగిలింది. కానీ రెండిటినీ పోల్చలేం. దక్కనీ ఉన్ని ముతక, పోగు లావు, బలం. అందుకే ముప్పై ఏళ్లు ఆగుతుంది, అందుకే మెడ మీద గుచ్చుకుంటుంది. మెత్తగా ఉండాలంటే పోగు సన్నగా ఉండాల్సిందే, సన్నని పోగు తొందరగా అరుగుతుంది. ఆ సన్నదాన్నే రెండు పేటలుగా, సరైన పురితో వడికితే ఏళ్లు వస్తుంది. దానికి దారం ఎక్కువ పడుతుంది, ఖర్చవుతుంది. షాపువాళ్లు మిగుల్చుకున్నది అక్కడే.

దేవరకొండ గొంగడి

అవును, గుచ్చుకుంటుంది. చిన్నప్పుడు లోపల పాత ధోతి వేసుకుని కప్పుకునేవాళ్లం.

పానగల్లు టీచర్

కవర్ దొరికింది, మూరెడు దారం ఉంది. డైనింగ్ టేబుల్ మీద పెట్టి, అన్న చెప్పినట్టు పురికి ఎదురు తిప్పాను. రెండు పేటలైతే విడిపోవాలి కదా? ఒక్కటే పేట. రెండు చేతులతో మెల్లగా లాగాను. పుటుక్కున తెగలేదు, దూది ఏకు విడిపోయినట్టు శబ్దం లేకుండా జారి రెండుగా వచ్చేసింది. బాబు పక్కనే నిలబడి చూశాడు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

సూర్యాపేట శాలువా

మేడం, ఊరుకోవద్దు. పోయిన ఏడాది నేను కొన్న శాలువా లేబుల్ మీద నూరు శాతం ఊలు అని ఉంది. అంచు పోగు ఒకటి తీసి కాల్చాను. ఊలైతే జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిద కావాలి. నాది కరిగి నల్లటి పూసలా గట్టిపడింది, అంటే యాక్రిలిక్ లాంటి సింథటిక్. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. షాపువాళ్లు డబ్బు తిరిగిచ్చారు.

మీ లేబుల్ నిజమే చెప్పింది కాబట్టి కేసు నా అంత తేలిక కాదు. కాష్మీర్ అని చెప్పి అమ్మారన్నదీ, మూడు వారాలకే అరిగిందన్నదీ మీ వాదన. బిల్లు, ట్యాగ్, ఫోటోలు, వాళ్ల ప్రకటన స్క్రీన్‌షాట్ దాచండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి.

మహబూబ్‌నగర్ రఫూ

ఉండల్ని వేళ్లతో పీకొద్దు మేడం, ఒక్కటి పీకితే లోపలి పోగులు నాలుగు బయటికొస్తాయి. బల్ల మీద పరిచి, స్వెట్టర్ దువ్వెనతో ఒకే దిక్కుకు మెల్లగా దువ్వండి. మోచేతికి ఆ కవర్‌లో దారం వాడొద్దు, జారిపోయేది ఎలా పట్టుకుంటుంది? అదే రంగు రెండు పేటల ఊలు దారం తెచ్చి లోపలి నుంచి రఫూ చేయించండి. పక్క కుట్టు నైలాన్ దారంతో వేస్తే పట్టేసి మళ్లీ చిరుగుతుంది, అల్లికతో పాటు సాగే కుట్టు అడగండి.

పాలమూరు ఆడబిడ్డ

కొత్తది కొనేటప్పుడు షాపులోనే ఎలా కనిపెట్టాలి అన్నా?

కల్వకుర్తి హోజరీ

లోపలి వైపు తిప్పి అరచేత్తో ఓ పది సార్లు రుద్దు. అప్పుడే నూగు లేస్తే వదిలెయ్యి. వెలుతురుకు పెట్టి చూడు, కొద్దిగా సాగదీసి వదులు, వెంటనే యథాస్థితికి రావాలి. చంక దగ్గర అంచు కత్తిరించి ఓవర్‌లాక్ కుట్టు మెషీన్ మీద కొట్టారా, లేక అల్లిక కళ్లు (ఉచ్చులు) కలిపి అల్లుకుంటూ వచ్చారా చూడు. కలిపి అల్లింది విడదు. అన్నిటికంటే ముందు లేబుల్ చదువు, ధర తర్వాత.

పానగల్లు టీచర్

అందరికీ చెప్పాలని వచ్చాను. 1915లో ఫిర్యాదు నమోదైంది, నంబర్ వచ్చింది. షాపువాళ్లు 3,000కు కూపన్ ఇస్తామన్నారు, అదే షాపులో వాడుకోవాలట. వద్దన్నాను.

స్వెట్టర్ మహబూబ్‌నగర్ అన్న చెప్పినట్టే బాగు చేయించాను. రఫూ 350 అయ్యింది. నిన్న తెల్లవారుజామున బాబు అదే వేసుకుని నాతో ఉదయసముద్రం కట్ట మీదికి వాకింగ్‌కు వచ్చాడు, ఈసారి పైన జాకెట్ లేదు. చేతులు పైకెత్తమని చంకల కింద చూశాను, కుట్టు పట్టుకునే ఉంది. గురువారం ఫ్లైట్. దువ్వెన కూడా సూట్‌కేస్‌లో పెట్టాను. ఫిర్యాదు సంగతి ఏమైనా తేలితే ఇక్కడే రాస్తాను.