ప్యాడ్లు, డైపర్ల మీద అమ్మకం పన్ను తీసేయమని శాసనసభ కమిటీ ముందు అడగాలి, ఏం చెప్పమంటారు?

ఇండియానా తల్లి:
అందరికీ నమస్కారం. అమెరికాలో మా ఇండియానా రాష్ట్రంలో అమ్మకం పన్ను 7 శాతం. బియ్యానికీ పాలకూ పన్ను లేదు, చిప్స్ ప్యాకెట్‌కు కూడా లేదు. శానిటరీ ప్యాడ్లకూ డైపర్లకూ మాత్రం ఉంది. మా అమ్మాయి ఈ మధ్యే పెద్దమనిషి అయింది, బాబు ఇంకా పాలు తాగే వయసులో ఉన్నాడు. కాబట్టి ప్రతి రసీదులోనూ ఈ రెండూ నాకు కనబడుతూనే ఉంటాయి. పన్ను తీసేయాలని ఇక్కడి కొందరు తల్లులు శాసనసభ్యులను కలుస్తున్నారు, కమిటీ ముందు నన్నూ మాట్లాడమంటున్నారు. నేను భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా వచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నాను. అసలు మాట్లాడవచ్చా? “రెండు మూడు డాలర్ల కోసం ఖజానాకు గండి కొడతారా?” అని ఎవరైనా అంటే ఏం చెప్పాలి? మన తెలుగువాళ్ల గుంపులో సంతకాలు అడిగితే, ఇవి నలుగురిలో మాట్లాడే విషయాలు కావని ఒక పెద్దాయన నా సందేశాన్ని తీసేయించారు. ఆ మాట ఇంకా బాధపెడుతోంది.

డాలస్ అక్క:
చెల్లెమ్మా, ముందు వీసా సంగతి. ఓటు లేకపోయినా మీ ప్రాంత శాసనసభ్యులకు ఉత్తరం రాయవచ్చు, కమిటీ ముందు మాట్లాడవచ్చు. ఎన్నికల విరాళం మాత్రం గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఇవ్వకూడదు. ఆ ఒక్క గీత దాటకండి, మిగతాదానికి భయపడకండి. పన్ను కడుతున్నది మీరే కదా.

టెక్సాస్‌లో ఈ పని ఏళ్ల తరబడి సాగింది. డోనా హోవర్డ్ అనే ప్రతినిధి 2017 నుంచి ప్యాడ్ల పన్ను మీద బిల్లులు పెడుతూ వచ్చారు. మా శాసనసభ సాధారణ సమావేశాలు రెండేళ్లకోసారే. ఒకసారి బిల్లు ఆగిపోతే మళ్లీ అంతకాలం ఎదురుచూడాలి. 2022 ఆగస్టులో, రాష్ట్ర ఆదాయ వ్యయాల లెక్కలు చూసే కంప్ట్రోలర్ గ్లెన్ హెగర్ మద్దతు పలికారు. హోవర్డ్ డెమోక్రాట్, హెగర్ రిపబ్లికన్. 2023లో సెనేట్ బిల్లు 379 నెగ్గింది. అందులో ప్యాడ్లతో పాటు పిల్లల డైపర్లు, వైప్స్, పాలసీసాలు, గర్భిణుల దుస్తులు కూడా చేర్చారు. ఆ సెప్టెంబరు 1 నుంచి వీటికి పన్ను లేదు.

డైపర్లు చేర్చడమే బలమని నా అభిప్రాయం. నెలసరి అనగానే తల దించుకునే సభ్యులు పసిపిల్లల మాట వస్తే వింటారు. అలాగని ప్యాడ్లను డైపర్ల చాటున దాచకండి. మీ గుంపులోని పెద్దాయన చేసింది అదే, చట్టసభలో మనమూ చేయకూడదు. ఆ రెండు పేర్లూ గట్టిగా పలకండి.

రెండు డాలర్ల మాటకు జవాబు: డైపర్లకు నెలకు 80 డాలర్లయితే మీ 7 శాతం లెక్కన 5 డాలర్ల 60 సెంట్లు పన్నే. పేదలకు తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపులతో డైపర్లు గానీ ప్యాడ్లు గానీ కొనలేరు, తల్లులకూ పసిపిల్లలకూ పోషకాహారం ఇచ్చే విక్ పథకంలోనూ రావు. చాలా డేకేర్లు డైపర్లు ఇంటి నుంచే తెమ్మంటాయి. అవి లేకపోతే బిడ్డను దింపలేరు, బిడ్డను దింపలేకపోతే తల్లి పనికి వెళ్లలేదు. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు చిన్న ప్యాకెట్లే కొంటారు. వాటిలో ఒక్కో డైపరు ధర ఎక్కువ, దాని మీద పన్నూ ఎక్కువే. ఈ వరుసలోనే చెప్పండి.

ఖజానా గురించి నిజం చెప్పాలంటే, 2023లో మా రాష్ట్రం దగ్గర దాదాపు 3,270 కోట్ల డాలర్ల మిగులుంది, అది మాకు కలిసొచ్చింది. మీకు ఆ వీలు లేకపోతే గడువు పెట్టి అడగండి. కాలిఫోర్నియా 2020లో మొదట రెండేళ్లకే మినహాయింపు ఇచ్చింది, తరవాత శాశ్వతం చేసింది. ఫ్లోరిడా కూడా డైపర్లకు 2022లో ఏడాది పాటు ఇచ్చి 2023లో శాశ్వతం చేసింది.

లెక్కల మనిషి:
“పన్ను తీసేస్తే దుకాణదారులే లాభపడతారు” అన్న వాదన కూడా వస్తుంది, సిద్ధంగా ఉండండి. న్యూజెర్సీ 2005లో ప్యాడ్ల వంటి నెలసరి వస్తువుల మీద పన్ను ఎత్తేసినప్పుడు ధరలు ఎలా కదిలాయో పరిశోధకులు చూశారు. తక్కువ ఆదాయం ఉన్న మహిళలకు పన్ను తగ్గింపు పూర్తిగా అందింది. ఆదాయం ఎక్కువున్నవారి విషయంలో ఆ లాభాన్ని కొంత కంపెనీలు పంచుకున్నాయి. నా దృష్టిలో మీకు ఇంతకంటే మంచి ఆధారం అక్కరలేదు.

భారతదేశంలో 2018 జులైలో ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ తీసేశారు కదా, అక్కడి అనుభవాన్ని మాత్రం ఇక్కడ ఉదాహరణగా వాడకండి. అక్కడ మినహాయింపు వస్తే ముడిసరుకు మీద కట్టిన పన్నును తయారీదారు తిరిగి తీసుకోలేడు, అది ధరలో ఉండిపోతుంది. ఇక్కడి అమ్మకం పన్ను చివరి కొనుగోలు దగ్గర పడుతుంది కనుక, తీసేస్తే రసీదులోనే తెలుస్తుంది.

మిషిగన్ కోడలు:
ఒక మనవి. బిల్లులో “డైపర్లు” అని ఉంటే ఎవరి డైపర్లో అడిగి తెలుసుకోండి. కాలిఫోర్నియా మినహాయింపు పిల్లల డైపర్లకే. మా అత్తగారు మంచం మీద ఉన్నారు, ఆమెకు ప్రతినెలా నేనే కొంటాను. పెద్దవాళ్లకు కొనే ఇళ్లు తక్కువేమీ కాదు, కాకపోతే ఎవరూ బయటికి చెప్పరు.

ఇండియానా తల్లి:
పెద్దవాళ్ల డైపర్ల సంగతి నాకు తట్టలేదు, బిల్లు రాస్తున్నవాళ్లను ఈ రాత్రే అడుగుతాను. పొరుగున ఒహాయో ప్యాడ్లకు 2019లో, పిల్లల డైపర్లకు 2023లో చట్టం చేసిందని మాతో ఉన్న ఒకామె చెప్పింది. అది కూడా చెప్పనా?

డాలస్ అక్క:
తప్పకుండా చెప్పండి. పొరుగు రాష్ట్రం పేరు వింటే సభ్యులు కాగితం మీదినుంచి తల ఎత్తుతారు. మాట్లాడటానికి కొద్ది నిమిషాలే ఇస్తారు కాబట్టి మీ రసీదుతో మొదలుపెట్టండి, తరవాత న్యూజెర్సీ, ఆపైన ఒహాయో. మిగిలిందంతా రాసి, సభ్యులందరికీ తలో ప్రతి ఇవ్వండి.