పాలియెస్టర్ పోగుకు హీట్ సెట్టింగ్: స్ఫటికత శాతం ఒక్కటి చూస్తే సరిపోతుందా?

నూలుపోగు
ఒకే బాబిన్ మీది సాగదీసిన పాలియెస్టర్ ఫిలమెంట్ నూలు. సగం నూలును రెండు కొసలూ బిగించి, పొడవు మారనివ్వకుండా 200 డిగ్రీల దగ్గర వేడి చేశాం (ఆకారం నిలిచేలా ఇలా వేడి చేయడమే హీట్ సెట్టింగ్) అనుకోండి. మిగతా సగాన్ని అదే వేడిలో అంతే సేపు, ఏ పట్టూ లేకుండా వదిలేశాం. రెండింటి సాంద్రతా ఘన సెంటీమీటరుకు 1.395 గ్రాముల దగ్గరే వచ్చింది. కానీ తర్వాత 177 డిగ్రీల వేడిగాలిలో 2 నిమిషాలు పెడితే బిగువుగా చేసినది ఇంకా కొంత ముడుచుకుంటోంది, వదులుగా చేసినది దాదాపు కదలడం లేదు. అలాగని వదులుదే మేలనుకుందామంటే దాని మాడ్యులస్ (లాగితే సాగకుండా నిలిచే గుణం) బాగా పడిపోయింది. సాంద్రతను బట్టి చూస్తే స్ఫటికత, అంటే పోగులో క్రమంగా పేర్చుకున్న భాగం వాటా, ఒకటే. మరి ఈ తేడా ఎక్కడిది? స్పెసిఫికేషన్‌లో ఆ శాతం ఒక్కటి రాస్తే చాలా?

సాంద్రత_గొట్టం
చాలు, కొలత సరిగ్గా ఉంటే. ముందు మీ కొలతనే అనుమానించాలి. ఒకే వేడి, ఒకే సమయం అయినప్పుడు వదులుగా చేసినదానికి సాంద్రత కాస్త ఎక్కువ రావాలి. పాలిమర్ గొలుసులకు (పొడవాటి అణువులకు) కదిలే వీలు ఎక్కువ, మడతలు పడి స్ఫటికంలో చేరడం తేలిక. రెండూ ఒకటే వచ్చాయంటే సాంద్రత కొలిచే గొట్టంలో వేసిన పోగుకు గాలి బుడగ అంటుకుని ఉంటుంది.

పద్ధతి ఇది. కార్బన్ టెట్రాక్లోరైడ్, ఎన్-హెప్టేన్‌లతో గ్రేడియంట్ కాలమ్ (పైనుంచి కిందికి సాంద్రత పెరుగుతూ పోయే ద్రవపు గొట్టం), 23 డిగ్రీలు. పోగును చిన్న వదులు ముడిగా వేసి, ముందు తేలికపాటి ద్రవంలో తడిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి గాలి తీసేయాలి. కాలమ్‌లో వదిలాక కొన్ని గంటలు ఆగాలి. తొందరపడి చదివితే పోగు ఇంకా దిగుతూనే ఉంటుంది. సాంద్రత తెలిసిన గాజు ఫ్లోట్లు పోగుకు పైనా కిందా కనీసం రెండేసి ఉండాలి.

లెక్క అందరికీ తెలిసిందే. 1954లో డాబెనీ, బన్, బ్రౌన్ ఇచ్చిన ట్రైక్లినిక్ యూనిట్ సెల్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే అతిచిన్న గడి) ప్రకారం స్ఫటికం సాంద్రత 1.455. అమార్ఫస్ (క్రమం లేని) భాగానికి 1.335. మీ 1.395 సరిగ్గా మధ్యలో ఉంది, అంటే ఘనపరిమాణంలో 50 శాతం, బరువులో 52. పూర్తిగా సెట్ అయిన నూలుకు తగిన అంకె.

బిగువు_తీగ
గొట్టం గారూ, ఆయన అడిగింది తేడా ఎందుకని. మీరు చెప్పింది బుడగలు ఎలా తీయాలో.

ముడుచుకునేది స్ఫటికం కాదు. సాగదీసినప్పుడు నిటారుగా లాగబడిన అమార్ఫస్ గొలుసులు గ్లాస్ ట్రాన్సిషన్ (గొలుసులు కదలడం మొదలయ్యే వేడి) దాటగానే మళ్లీ చుట్టుకోవాలని చూస్తాయి. ష్రింకేజ్ అంటే అదే. స్ఫటికాలు వాటిని అక్కడక్కడా కట్టిపడేసే ముడులు మాత్రమే. బిగించి వేడి చేస్తే ఆ గొలుసులకు ముడుచుకునే చోటు లేదు. కొంత ఒత్తిడి సడలుతుంది, మిగతాది చల్లారేటప్పుడు లోపలే గడ్డకడుతుంది. తర్వాత వదులుగా వేడి తగిలితే అది బయటికొస్తుంది. వదులుగా చేసినప్పుడు ఆ సడలింపంతా ముందే అయిపోయింది, అందుకే ఇక కదలదు. మాడ్యులస్ పడిపోవడానికీ కారణం అదే: ఒక స్ఫటికం నుంచి ఇంకోదానికి బిగుతుగా పోయే గొలుసులు తగ్గి మడతలు పెరిగాయి. ఇవేవీ 50 శాతం అనే అంకెలో కనబడవు.

రంగుతొట్టి
అద్దకంలోనూ ఇదే బాధ. శాతం ఒకటే ఉన్న రెండు నూళ్లు ఒకే తొట్టిలో రెండు ఛాయలు తేలతాయి.

సాంద్రత_గొట్టం
బుడగలు చిన్న విషయమా? పోగులో 1 శాతం శూన్యం ఉంటే సాంద్రత 0.014 తగ్గుతుంది. స్ఫటికతలో అది 11, 12 పాయింట్లు! 0.001 తేడా 0.8 పాయింటు. కొలత తప్పయితే మీ సిద్ధాంతం గాలిలో మేడే. ముందు అంకె సరిచేసుకుని రమ్మనడంలో తప్పేముంది?

ఇంకోటి. ముడుల మాట మీరే అన్నారు. ముడులు ఎక్కువైతే గొలుసులు కదలలేవు కదా? మరి స్ఫటికత పెరిగితే ష్రింకేజ్ తగ్గాల్సిందే.

ఎక్స్‌రే_రేఖ
సాంద్రత మీద అంత నమ్మకం ఉన్నవారు మెరుపు తగ్గించడానికి నూలులో వేసే టైటానియం డయాక్సైడ్ సంగతి ఎందుకు ఎత్తలేదు? సెమీ-డల్ నూలులో సుమారు 0.3 శాతం బరువు ఉంటుంది. అందులో వాడే అనటేజ్ రూపం సాంద్రత 3.9. 1.380 ఉండాల్సిన పోగు 1.3827 చూపిస్తుంది, అంటే 2 పాయింట్లకు పైగా దొంగ స్ఫటికత. 2 శాతం వేసిన ఫుల్-డల్ నూలైతే 1.398 చూపిస్తుంది, 15 పాయింట్ల తప్పు. ముందు పోగును కాల్చి బూడిద తూచి, ఆ బరువు తీసేసి లెక్కించాలి.

అమార్ఫస్‌కు 1.335 అన్నది అసలు సాగదీయని పాలిమర్‌ది. సాగదీసిన పోగులో అమార్ఫస్ గొలుసులు దగ్గరగా సర్దుకుంటాయి, సాంద్రత ఎక్కువ. దాన్ని 1.345 అనుకుంటే చాలు, మీ 50 కాస్తా 45 అవుతుంది. అంటే మీరు స్ఫటికత అంటున్నదాంట్లో కొంత అమార్ఫస్ అమరికే.

వైడ్ యాంగిల్ ఎక్స్‌రే తీయండి. పటంలో ఈక్వేటర్ (పోగుకు అడ్డదిశ) మీద 17.5 డిగ్రీల కోణం దగ్గర 010 రేఖ (ఈ అంకెలు స్ఫటిక తలాల పేర్లు), 23 దగ్గర బార్-110, 26 దగ్గర 100 కనిపిస్తాయి. హీట్ సెట్ చేయని నూలులో ఇవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి, చేశాక విడివిడిగా నిలబడతాయి. 010 రేఖ సగం ఎత్తు దగ్గర వెడల్పు 2 డిగ్రీలుంటే షెరర్ సూత్రం (రేఖ వెడల్పు నుంచి స్ఫటికం పరిమాణం చెప్పేది) ప్రకారం స్ఫటికం అడ్డకొలత సుమారు 4 నానోమీటర్లు. 1.4 డిగ్రీలకు సన్నబడితే 5.7. యంత్రం వల్ల వచ్చే వెడల్పును ముందే తీసేయాలి, లేదంటే స్ఫటికం ఉన్నదానికంటే చిన్నగా కనబడుతుంది. శాతం ఒకటే ఉన్నా చిన్న స్ఫటికాలు బోలెడు ఉండటం వేరు, పెద్దవి కొన్నే ఉండటం వేరు.

సాంద్రత_గొట్టం
బూడిద తూచడం నాకు తెలియదనుకున్నారా? ఇక్కడ అడిగింది ఒకే బాబిన్ నూలు. టైటానియం రెండు సగాల్లోనూ ఒకటే, పోలికలో అది ఎగిరిపోతుంది. మీరు నా పద్ధతిని కించపరచడానికే పనికిరాని అంకె తెచ్చారు. ఎక్స్‌రే మాత్రం గొప్పా? అమార్ఫస్ వంపును ఎక్కడ గీస్తే అక్కడే శాతం. ఒకే పటాన్ని ఇద్దరికిస్తే రెండు జవాబులొస్తాయి.

ఎక్స్‌రే_రేఖ
నేను శాతం గురించి కాదు, పరిమాణం గురించి చెప్పాను. దయచేసి చదివి జవాబివ్వండి.

డీఎస్‌సీ_పళ్లెం
స్ఫటికత కొలవాలంటే డీఎస్‌సీ (నమూనాను వేడి చేస్తూ అది పీల్చే ఉష్ణాన్ని కొలిచే యంత్రం) ఉంది కదా! 5 మిల్లీగ్రాములు, నిమిషానికి 10 డిగ్రీలు, కరగడానికి పట్టిన ఉష్ణాన్ని, పూర్తి స్ఫటికానికి పట్టే గ్రాముకు 140 జౌళ్లతో భాగించండి.

బిగువు_తీగ
అది ఇక్కడ పనికిరాదు. 180లో సెట్ చేసినా 220లో చేసినా కరిగే ప్రధాన శిఖరం 255 దగ్గరే కూర్చుంటుంది. పళ్లెంలో వేడెక్కుతూ ఉండగానే చిన్న స్ఫటికాలు కరిగి, మళ్లీ పెద్దవిగా కట్టి, చివర్లో కరుగుతాయి. మీరు కొలిచేది పళ్లెంలో తయారైన నిర్మాణాన్ని.

కానీ ఒక ఉపయోగం ఉంది. ప్రధాన శిఖరానికి ముందు, సెట్ చేసిన వేడికి పదీ ఇరవై డిగ్రీల పైన, ఒక చిన్న గుంట కనబడుతుంది. సెట్టింగ్‌లో కొత్తగా పుట్టిన చిన్న స్ఫటికాలు కరిగే చోటు అది. బట్ట మధ్యలో ఒక ముక్క, అంచుల్లో చెరొక ముక్క తీసి ఆ గుంట ఎక్కడుందో చూడండి. స్టెంటర్ (బట్టను అంచులు పట్టి వేడి చేసే యంత్రం) మీటర్ ఏం చెప్పినా, బట్టకు నిజంగా తగిలిన వేడి ఎంతో, అది వెడల్పంతా ఒకేలా ఉందో లేదో బయటపడుతుంది.

ఆవిరిగది
నైలాన్ 6 వారికి ఈ గొడవే వేరు. శాతం కంటే స్ఫటికం ఏ రూపంలో ఉందన్నది ముఖ్యం. గామా రూపం, సరిగ్గా కట్టని మధ్యస్థ రూపం ఉన్న పోగును ఆవిరిలో సెట్ చేస్తే ఆల్ఫాకు మారుతుంది. ఎక్స్‌రేలో 21 చిల్లర దగ్గరున్న ఒక్క రేఖ తగ్గి, 20, 24 దగ్గర రెండు లేస్తాయి. పొడిగా ఉన్నప్పుడు 50 డిగ్రీలకు అటూ ఇటూ ఉండే గ్లాస్ ట్రాన్సిషన్ నీళ్లు బాగా పీల్చాక సున్నాకు కిందికి పోతుంది. నీటి అణువులు అమైడ్ బంధాల మధ్య దూరి గొలుసులను వదులు చేస్తాయి. అందుకే పొడి వేడిలో 190 కావాల్సిన పని ఆవిరిలో 130 లోపే అవుతుంది. పాలియెస్టర్‌కు ఆ సౌలభ్యం లేదు. పైగా అంత వేడి ఆవిరిలో ఎక్కువసేపు ఉంచితే ఎస్టర్ బంధాలు తెగి బలం పోతుంది.

సాంద్రత_గొట్టం
దయచేసి నైలాన్‌కు వేరే చర్చ పెట్టుకోండి. నా ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు: ముడులు పెరిగితే ష్రింకేజ్ తగ్గదా? ప్రతిసారీ ఇక్కడ ఇంతే. సాంద్రత అనగానే పాతకాలం పద్ధతి అని పక్కన పెట్టడం, అడిగినదాన్ని దాటేయడం. శాతం పనికిరాదంటే స్పెసిఫికేషన్‌లో ఏం రాయాలి? "గొలుసులు సంతోషంగా ఉన్నాయి" అని రాయమంటారా?

బిగువు_తీగ
కోపం వద్దండీ, జవాబు ఇస్తాను. అంకెలతోనే.

బైరిఫ్రింజెన్స్ కొలవండి. పోగు పొడవునా, అడ్డంగా కాంతి వక్రీభవనంలో ఉండే తేడా అది. గొలుసులు పోగు వెంట ఎంత నిటారుగా ఉన్నాయో, అంటే వాటి అమరిక ఎంతో, చెబుతుంది. మొత్తం విలువలో స్ఫటికాల వాటా = స్ఫటికత × స్ఫటికాల అమరిక × 0.220. మిగిలినది అమార్ఫస్ వాటా, దాని గరిష్ఠ విలువ 0.275. లెక్క అర్థం కావడానికి ఈ అంకెలు తీసుకుందాం. బిగువుగా చేసినదానికి స్ఫటికత 0.48, అమరిక 0.95, బైరిఫ్రింజెన్స్ 0.165. స్ఫటికాల వాటా 0.100. మిగిలిన 0.065ను 0.52 × 0.275తో భాగిస్తే అమార్ఫస్ అమరిక 0.45. వదులుగా చేసినదానికి 0.52, 0.92, 0.135 అనుకోండి. స్ఫటికాల వాటా 0.105, మిగిలింది 0.030, అమార్ఫస్ అమరిక 0.23. స్ఫటికత తేడా 4 పాయింట్లు, అమార్ఫస్ అమరిక మాత్రం సగం! మీ ష్రింకేజ్, మీ మాడ్యులస్ రెండూ ఆ సగంలో ఉన్నాయి.

ఇక ముడులు. సాగదీసిన పోగును వదులుగా వేడిలో పెట్టగానే రెండు పనులు పోటీ పడతాయి: గొలుసులు ముడుచుకోవడం, స్ఫటికాలు కట్టడం. ముడుచుకోవడం క్షణాల్లో మొదలవుతుంది. స్ఫటికాలు ముందే తగినన్ని ఉంటే అది ఆగిపోతుంది. కాబట్టి మీరన్నది నిజమే, కానీ వేడి తగలకముందు ఉన్న ముడుల విషయంలో. ముడుచుకున్న తర్వాత కట్టినవి ఆ ముడుచుకున్న ఆకారాన్నే గట్టిపరుస్తాయి.

సాంద్రత_గొట్టం
అయితే వదులుగా చేసినదే స్థిరమైన నిర్మాణం అని మీరే ఒప్పుకున్నట్టు. సాంద్రత ఎక్కువ, ష్రింకేజ్ తక్కువ. నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

బిగువు_తీగ
ఇదిగో, అసలు తేడా ఇక్కడుంది! మీరు స్థిరం అంటే వేడికి ముడుచుకోనిది అంటున్నారు. నేను స్థిరం అంటే బరువు పడినప్పుడు సాగనిది అంటున్నాను. చొక్కా గుడ్డకు మీది సరిపోతుంది. టైరు తాడుకు ఆ నూలు వేస్తే మొదటి రోజే సాగి కూర్చుంటుంది. మనం రెండు వేర్వేరు వస్తువుల గురించి ఒకే మాటతో కొట్టుకుంటున్నాం.

టైరు తాడుకు రెండూ కావాలి కాబట్టే ఎక్కువ మాడ్యులస్, తక్కువ ష్రింకేజ్ రకం నూలు తయారుచేశారు. పాత పద్ధతిలో నెమ్మదిగా తీసి బాగా సాగదీసేవారు. ఇందులో ఎక్కువ వేగంతో తీస్తారు, అప్పుడే పోగుకు అమరిక వస్తుంది, తర్వాత తక్కువ సాగదీస్తారు. స్ఫటికాలు బాగా కడతాయి, అమార్ఫస్ అమరిక అదుపులో ఉంటుంది. స్ఫటికత శాతం ఒక్కటే చూసేవాళ్లు ఈ నూలును కనిపెట్టలేరు.

రంగుతొట్టి
మూడో స్థిరత్వం కూడా ఉంది, ఛాయ. హీట్ సెట్ వేడి పెంచుతూ పోతే డిస్పర్స్ రంగు (పాలియెస్టర్‌కు వేసే రంగు) పీల్చడం 160, 180 మధ్య ఎక్కడో అడుగుకు చేరి, ఆ పైన మళ్లీ పెరుగుతుంది. సాంద్రత మాత్రం మొదటి నుంచి చివరి దాకా పెరుగుతూనే ఉంటుంది! శాతం పెరుగుతుంటే రంగు తగ్గాలి కదా, ఎందుకు పెరుగుతోంది? తక్కువ వేడిలో చిన్న స్ఫటికాలు బోలెడు, వాటి మధ్య ఇరుకు సందులు. ఎక్కువ వేడిలో పెద్దవి కొన్ని, మధ్యలో రంగు అణువుకు చోటున్న ఖాళీలు. ఎక్స్‌రే గారు చెప్పిన పరిమాణం ఇక్కడ పనికొస్తుంది. వేడి ఎక్కడ పెట్టుకున్నా స్టెంటర్‌లో ఒక అంచు 5 డిగ్రీలు తేడా ఉంటే ఆ అంచు పొడవునా చార పడుతుంది.

నూలుపోగు
అయితే వేడి, సమయంతో పాటు ఓవర్‌ఫీడ్ (బయటికి లాగే దానికంటే ఎక్కువ నూలు లోపలికి అందించి వదులు ఇవ్వడం) కూడా రాయాలన్నమాట. 200 డిగ్రీలు అలాగే ఉంచి 0, 2, 4 శాతం ఓవర్‌ఫీడ్‌తో మూడు నమూనాలు చేస్తాను. మూడింటికీ సాంద్రత, బైరిఫ్రింజెన్స్, 177లో ష్రింకేజ్, తొలి మాడ్యులస్.

ఎక్స్‌రే_రేఖ
టెన్షన్ తీసేముందు నూలును 70 కంటే కిందికి చల్లార్చండి. వేడి మీదే వదిలితే 0 శాతం నమూనా కూడా కొంత ముడుచుకుని, మూడూ ఒకటే అనిపిస్తాయి.

సాంద్రత_గొట్టం
చేయండి. మూడు నమూనాల నూలు ముడులనూ ఒకే కాలమ్‌లో, ఒకే రోజు వేయండి. బూడిద కూడా తూచండి, మళ్లీ ఎవరూ మాట్లాడకుండా. ఓవర్‌ఫీడ్ పెరిగే కొద్దీ సాంద్రత పెరగకపోతే నేను ఇక్కడే వచ్చి ఒప్పుకుంటాను.

బిగువు_తీగ
పెరుగుతుంది. దాని మీద నాకు ఎప్పుడూ గొడవ లేదు.