పలాస జీడిపప్పు ఆఫీసులో ఫోన్ ఇంగ్లీష్: ఏ వాక్యాలు, ఎలా నేర్చుకోవాలి?

కాశీబుగ్గ నుంచి, ప్రశ్న:
జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో ఆర్డర్లు చూసే పని. కొనేవాళ్ళు ఎక్కువగా వేరే రాష్ట్రాలవాళ్ళు. నాకు హిందీ రాదు కాబట్టి ఇంగ్లీషులోనే మాట్లాడాలి. మెసేజ్ వస్తే అర్థమవుతుంది, గ్రామర్ కూడా కొంత వచ్చు. ఫోనులో మాత్రం తెలుగులో అనుకుని ఒక్కో మాటా మార్చుకునేలోపు అవతలాయన ఇంకో ప్రశ్న వేసేస్తున్నారు. రేటు, స్టాకు, లారీ, పేమెంటు, ఈ నాలుగూ నడిస్తే నాకు చాలు. రోజుకు పది పదాలు బట్టీ పట్టే పద్ధతి కాకుండా వేరే దారి ఉంటే చెప్పండి.

టెక్కలి, స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతాను:
పదాలు విడిగా నేర్చుకుంటే ఫోనులో కూర్చుకోవడానికి టైముండదండీ. వాక్యం మొత్తాన్ని ఒక్క ముక్కగా నోటికి రానివ్వాలి. 'స్టాక్' అనే పదం మీకు ఎలాగూ తెలుసు. దాని చుట్టూ వచ్చేవి కావాలి: 'వుయ్ హావ్ ఇట్ ఇన్ స్టాక్', 'వుయార్ అవుటాఫ్ స్టాక్', 320 గ్రేడు పప్పు కొంచెమే మిగిలితే 'వుయార్ రన్నింగ్ లో ఆన్ త్రీ ట్వంటీ'. 'వుయార్ హ్యావింగ్ స్టాక్' అనకండి. మన 'ఉంది' అక్కడ ఉత్త 'హావ్'.

ఒక నోటుబుక్కు పెట్టండి. ఎడమ పేజీలో పదానికి అర్థం రాయొద్దు, సందర్భం రాయండి: 'రేటు తగ్గించమంటున్నారు, మన చేతిలో లేదు.' కుడి పేజీలో మీ వాక్యం: 'లెట్ మీ చెక్ విత్ మై మేనేజర్ అండ్ కాల్ యూ బ్యాక్.' దాని కింద అవతలివాళ్ళు తర్వాత అనబోయేది కూడా రాయాలి: 'వెన్ కెన్ ఐ ఎక్స్‌పెక్ట్ యువర్ కాల్?' చాలామంది ఈ మూడోది వదిలేస్తారు, తమ వాక్యం చెప్పేశాక తడబడతారు. జవాబు 'ఇన్ హాఫ్ ఎన్ అవర్' అని సిద్ధంగా ఉంటే మాట ఆగదు.

వారానికి అయిదారు వాక్యాలు చాలు. కుడి పేజీ మూసి, ఎడమది చదివి, మూడు సెకన్లలో పైకి అనగలిగితే వచ్చినట్టు. మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత మళ్ళీ చూడండి. వాక్యాలకు పుస్తకం కొనక్కర్లేదు, మీ కొనుగోలుదారుల వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లే పాఠాలు. వాళ్ళ మాట తీరు కూడా అలవాటవుతుంది.

పలాస, జీడి వ్యాపారం:
అంకెల దగ్గరే నష్టం వచ్చేది. ఫోనులో ఫోర్టీన్, ఫార్టీ ఒకేలా వినిపిస్తాయి. టిన్నుల లెక్క చెప్పి ఊరుకోకండి, బరువు కూడా చెప్పండి: 'ఫార్టీ టిన్స్, టెన్ కేజీ ఈచ్, ఫోర్ హండ్రెడ్ కేజీస్ ఇన్ ఆల్. ఈజ్ దట్ రైట్?' ఆయన అడిగింది పద్నాలుగైతే నాలుగొందల కేజీలు వినగానే ఆపుతారు.

రేటు చెప్పినప్పుడు 'పర్ కేజీ' వదలొద్దు. లారీ కిరాయి మనది కాకపోతే ఆ ఊపిరిలోనే 'ఎక్స్ ఫ్యాక్టరీ, ఫ్రైట్ అండ్ జీఎస్టీ ఎక్స్‌ట్రా' అనేయాలి, అంటే ఇది ఫ్యాక్టరీ దగ్గరి రేటు, కిరాయి, జీఎస్టీ వేరే అని. మన గుండు 'హోల్', బద్ద 'స్ప్లిట్', నూక 'పీసెస్'. కొత్తవాళ్ళు గ్రేడు నంబరేమిటని అడుగుతారు. 320 అంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు. 'ద లోయర్ ద నంబర్, ద బిగ్గర్ ద నట్' అంటే ఒక్క వాక్యంలో తేలిపోతుంది.

ఇంకోటి, 'బై', 'టిల్'. ఈ రెండూ కలిపేయకండి. రేటు అప్పటిదాకా నిలిచి ఉంటుందంటే 'వాలిడ్ టిల్ ఫ్రైడే'. డబ్బు ఆ లోపు రావాలంటే 'ప్లీజ్ పే బై ఫ్రైడే'.

విజయనగరం నుంచి:
పై ఇద్దరూ చెప్పినవి బాగున్నాయి. నా దృష్టిలో వీటికంటే ముందు సరిచేసుకోవాల్సింది 'ఎస్'. తెలుగులో అవతలివాళ్ళు మాట్లాడుతుంటే 'ఆఁ, ఆఁ' అంటాం, వింటున్నాననే దానికి. ఇంగ్లీషులో రేటు మాట్లాడుతున్నప్పుడు 'ఎస్, ఎస్' అంటే ఒప్పుకున్నట్టు తీసుకుంటారు. 'ఐ సీ' గానీ, 'రైట్, గో ఆన్' గానీ అనండి.

'పంపలేదా?' లాగా లేదని అడిగే ప్రశ్నలతో మరీ జాగ్రత్త. 'యూ హావెంట్ డిస్పాచ్డ్ ఇట్ యెట్?' అంటే మనకు 'అవును, పంపలేదు' అని వస్తుంది, నోట్లోంచి 'ఎస్' జారుతుంది. ఆయనకది పంపేశామన్నట్టు వినిపించొచ్చు. జవాబు 'నో, నాట్ యెట్.' పంపేసి ఉంటే 'ఎస్, ఇట్ లెఫ్ట్ దిస్ మార్నింగ్.' ఒక్క ఎస్, నో మీద ఆగకుండా వెనక ముక్క ఎప్పుడూ చేర్చండి.

వినపడనప్పుడు 'రిపీట్' అంటే మొత్తం అదే వేగంతో మళ్ళీ చెబుతారు. జారిపోయిన ముక్కే అడగండి: 'సారీ, హౌ మెనీ టిన్స్ డిడ్ యూ సే?'

టెక్కలి మాస్టారికి ఒక చిన్న మాట. వాక్యాలు తెలుగు లిపిలో మాత్రమే రాసుకుంటే ఒత్తు ఎక్కడ పడాలో, అంటే ఏ ముక్క నొక్కి పలకాలో తెలియదు. ఫోర్టీన్‌లో 'టీన్' కింద, ఫార్టీలో 'ఫార్' కింద గీత గీసుకోవాలి. మెసేజ్‌లు రాయాలి కనుక ఇంగ్లీషు స్పెల్లింగూ పక్కనే ఉండాలి.

కాశీబుగ్గ:
ఒత్తు సంగతి అసలు ఆలోచించలేదండీ, అందరికీ ధన్యవాదాలు. లారీ ఆలస్యమైతే ఎలా చెప్పాలి? 'లారీ ప్రాబ్లమ్ సార్' దగ్గరే ఆగిపోతున్నాను.

టెక్కలి:
గీత మాట నిజమే, చేర్చుకోండి. ఆలస్యానికి మూడు ముక్కలు, ఇదే వరసలో: 'ఐ యామ్ సారీ అబౌట్ ద డిలే. ద ట్రక్ ఈజ్ హెల్డ్ అప్ నియర్ ఇచ్ఛాపురం. ఇట్ షుడ్ రీచ్ యూ బై మండే.' చివర 'విల్' అంటే మాట ఇచ్చినట్టే. డ్రైవరు ఫోను ఎత్తి ఎక్కడున్నాడో చెప్పేదాకా 'షుడ్' దగ్గరే ఉండండి.