మ్యూడ్స్‌కి (రెటీనా మీద తెల్లచుక్కలు వచ్చి పోయే కంటి జబ్బు) స్టెరాయిడ్ వెంటనే మొదలెట్టాలా, ఆగి చూడాలా?

ఆముదాలవలస_ఆప్టో: ఇరవై, ముప్పై ఏళ్ల ఆడపిల్లలు, అందులోనూ మైనస్ అద్దాలున్నవాళ్లకి, ఒక కన్ను ఉన్నట్టుండి మసకేసి పక్కన మెరుపులు కనిపిస్తాయి. మ్యూడ్స్ అని తేలాక స్టెరాయిడ్ ఇచ్చేయాలనే నా వాదన. చూపు 6/60కి (మామూలు కంటికి 60 మీటర్ల నుంచి కనబడే అక్షరం 6 మీటర్ల నుంచే కనబడేంతగా) పడిపోయిన పిల్లకి ‘దానంతటదే తగ్గుతుంది’ అని చెప్పి ఇచ్ఛాపురం పంపేస్తే ఊరుకుంటుందా? ఇంకెక్కడో సూది వేయించుకుంటుంది.

నాగావళి_రెటీనా: ఊరుకోరన్నది నిజమేనండీ. కానీ 1984లో జాంపోల్ బృందం దీన్ని మొదట వర్ణించిన నాటి నుంచీ చూస్తున్నదే: మందు లేకుండానే చాలామందికి 6–10 వారాల్లో చూపు తిరిగొస్తుంది. స్టెరాయిడ్‌తో త్వరగా వస్తుందనడానికి గట్టి రుజువు లేదు.

అసలు గొడవ జబ్బును పోల్చుకోవడంలో ఉంది. తెల్లచుక్కలు కొద్ది వారాల్లోనే చెరిగిపోతాయి. ఆలస్యంగా వస్తే రెటీనా మామూలుగా కనబడుతుంది, టార్చి రెండు కళ్ల మధ్య ఊపితే ఆర్ఏపీడీ (ఆ కంటిమీద వెలుగు పడ్డా కనుపాప సరిగా ముడుచుకోకపోవడం) మాత్రం ఉండొచ్చు. అంతే, ఆప్టిక్ న్యూరైటిస్ (కంటి నరం వాపు) అని రాసేసి రోజుకో గ్రాము మిథైల్ ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ 3 రోజులు ఎక్కించేస్తారు! కన్ను తిప్పితే నొప్పుందా అని అడగండి. న్యూరైటిస్‌లో సాధారణంగా ఉంటుంది. ఓసీటీలో (రెటీనా పొరల్ని చూపించే స్కాన్) ఎలిప్సాయిడ్ గీత, అంటే వెలుగును పట్టే కణాల పొర గీత, తెగిందేమో చూడండి. ఆటోఫ్లోరసెన్స్ ఫొటోకి (రెటీనా తనంతట తాను వెలిగే వెలుగును పట్టే ఫొటో) రంగు మందు సూదితో పనిలేదు, చుక్కలు అందులో వెలుగుతూ కనిపిస్తాయి.

బొబ్బిలి_ఫిజీషియన్: రెండు కళ్లలోనూ పలకల్లాంటి పెద్ద మచ్చలుంటే మ్యూడ్స్ మాట మర్చిపోండి. ఏపీఎంపీపీఈ (రెటీనా అడుగు పొరలో పలకల్లాంటి మచ్చలొచ్చే వాపు జబ్బు) కావచ్చు, టీబీ, సిఫిలిస్ కూడా కావచ్చు. టీబీకి మాంటూ, ఛాతీ ఎక్స్‌రే, సిఫిలిస్‌కి వీడీఆర్ఎల్, టీపీహెచ్ఏ రక్తపరీక్షలు చూడకుండా స్టెరాయిడ్ ముట్టుకోవద్దు. టీబీకి ఉత్త స్టెరాయిడ్ పడితే ముందు తగ్గినట్టే ఉండి, తర్వాత మచ్చ మాక్యులా (రెటీనా నడిబొడ్డు) మీదికి పాకొచ్చు. టీబీ మందులు మొదలెడితే, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం మనిషికి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడండి. టీబీ మందైన ఇథాంబుటాల్ పోయేది కిడ్నీల గుండానే. అది పేరుకుంటే ఆప్టిక్ నరమే దెబ్బతింటుంది.

ఆముదాలవలస_ఆప్టో: టీబీ సంగతి ఒప్పుకుంటా. అన్నీ నెగెటివ్ వచ్చి, రాయాల్సిన పరీక్షలు ఎదురుగా ఉన్న పిల్లకో?

నాగావళి_రెటీనా: రెండో కన్ను బాగుంది కదండీ, దాంతో రాస్తుంది. ఇంట్లో ఆమ్స్లర్ గడుల కాగితం ఒక్కో కన్ను మూసి రోజూ చూసుకోమనండి. 2 వారాలకి, మళ్లీ 6 వారాలకి ఓసీటీ. గీతలు వంకర తిరిగితే ఆగకుండా రమ్మనండి. కొత్త రక్తనాళాలు పుట్టుంటే కావలసింది యాంటీ వీజీఎఫ్ సూది (ఆ నాళాల పెరుగుదలను ఆపే మందు). రెటీనా కింద నీరు చేరే సీఎస్‌సీఆర్ అనే జబ్బని తేలితే స్టెరాయిడ్ దాన్ని ఇంకా పెంచుతుంది. ఒక్కచోట మీతో కలుస్తా: ఏపీఎంపీపీఈతో పాటు తీవ్రమైన తలనొప్పి ఉంటే మెదడు రక్తనాళాల వాపు కావచ్చు, ఆ రోజే ఎంఆర్ఐ తీయించాలి, అక్కడ స్టెరాయిడ్ కావాలి.

ఆముదాలవలస_ఆప్టో: ఆటోఫ్లోరసెన్స్ కెమెరా అన్ని ఊళ్లలో ఉంటే ఈ వాదనే ఉండదు. అది లేనిచోట చుక్కలు కనబడ్డ రోజే ఫండస్ ఫొటో (కంటి లోపలి రెటీనా ఫొటో) తీసి పిల్ల చేతికివ్వాలి, అంతవరకు సరే. స్టెరాయిడ్ మీద మాత్రం నా మాట నాదే.